బకెట్‌లో తగ్గిన మేకులు

ఆ శనివారం పొద్దున పార్కులో ఉన్నవి ఇవి. కొబ్బరి పీచుతో నేసిన మ్యాట్ ఒకటి. సుత్తులు రెండు. తెల్ల పెయింటు బకెట్ ఒకటి, అందులో జానెడు పొడవున్న ఇనుప మేకులు ముప్పై ఆరు. గడ్డి నిండా కెనడా బాతులు, అవి వదిలిన రెట్టలు. మనుషుల్లో అమెరికాలోని మా కౌంటీ క్రికెట్ క్లబ్ ప్రెసిడెంట్ మూర్తిగారు, ఆయనంటే పడని శ్రీకాంత్, నా రూమ్మేట్ హరీష్, ఇంకో పద్దెనిమిది మంది, నేను.

వీటిలో ఒక్కదాని లెక్క ఆ సాయంత్రానికి తప్పింది. ఎందుకు తప్పిందో నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు, లేదా తెలియదని నేను అనుకుంటున్నాను. రెండు వేల తొమ్మిది వేసవి సంగతి ఇది. ఆరేళ్లుగా మోస్తున్నాను. బరువు అనడానికి కూడా సిగ్గుగా ఉంది, ఎందుకంటే సంచి నాదే, ఎప్పుడు కావాలంటే అప్పుడు దించుకోవచ్చు. దించలేదు. ఎందుకు దించలేదన్నది నాకే సరిగ్గా అంతుపట్టలేదు. మీకు చెబుతూ పోతే తెలుస్తుందేమోనని రాస్తున్నాను.

ముందు మ్యాట్ గురించి చెప్పాలి. మేం ఆడే గ్రౌండ్ మాది కాదు, కౌంటీ పార్కు. శనివారం మాకు, ఆదివారం సాకర్ ఆడే చిన్నపిల్లలకు. మధ్యలో గట్టిగా అణిచిన మట్టి పట్టీ ఒకటి ఉండేది. ఆట రోజు దాని మీద మ్యాట్ పరిచి, లాగి, అంచుల వెంట ఉన్న ఇత్తడి రింగుల్లోంచి మేకులు దిగ్గొట్టేవాళ్లం. సాయంత్రం మేకులు పీకి, మ్యాట్ చుట్టి, పార్కు చివర ఉన్న పెట్టెలో పెట్టి తాళం వేసేవాళ్లం. తాళంచెవి ఒక్కటే. అది మూర్తిగారి దగ్గర ఉండేది.

మా క్లబ్‌లో సగం గొడవలకు ఆ తాళంచెవే మూలం. మూర్తిగారిది అమలాపురం దగ్గర. యాభై దాటిన మనిషి. క్లబ్ పెట్టింది ఆయనే, మ్యాట్‌ని ఇండియా నుంచి ఓడలో తెప్పించింది ఆయనే, ఎనిమిదేళ్లుగా ప్రెసిడెంట్ కూడా ఆయనే. ఎన్నిక అన్న మాట ఎవరూ ఆయన నోట వినలేదు. బ్యాటింగ్ ఆర్డర్ ఆయన ఇష్టం. మెయిల్‌లో మనం పేజీ రాస్తే ఆయన జవాబు ఒక లైను. పచ్చ కార్పెట్ లాంటి కొత్త పిచ్ వేయిద్దామని అందరూ అడిగితే, "మ్యాట్ మీద ఆడినవాడే ఆటగాడు" అని ఆ ఒక్క లైనే రాశారు. ఇక ఆలస్యంగా వచ్చినవాడి చేతికి చిన్న పార ఇచ్చేవారు. బాతుల రెట్టలు ఎత్తాలి. "ఏమయ్యా, ఎనిమిదిన్నరంటే అమెరికా టైమా, అమలాపురం టైమా?" అనేవారు. మంచి కంపెనీల్లో పెద్ద పెద్ద పనులు చేస్తున్నవాళ్లు, భార్యలు కార్లో కూర్చుని చూస్తూండగా, పార పట్టుకుని బాతుల వెనక తిరిగేవాళ్లు.

శ్రీకాంత్‌ది వరంగల్. మాలో ఫాస్ట్ బౌలర్ అతనే. మూర్తిగారి కారు ఇంకా రానప్పుడు అతను బంతి ఎగరేసుకుంటూ అనేవాడు: "సార్ చెవి తెచ్చేదాకా మనం బాతుల్తోని ఆడుకోవాలె. టాస్ ఎవడేస్తున్నడు?" అందరం నవ్వేవాళ్లం. నేను కూడా.

మూర్తిగారి పద్ధతుల్లో ఇంకొకటి ఉంది. సాయంత్రం మేకులు బకెట్‌లో వేసేటప్పుడు ఆయనే నిలబడి పైకి లెక్కపెట్టేవారు. ముప్పై ఆరూ పడేదాకా ఎవర్నీ కదలనిచ్చేవారు కాదు. "రేపు పొద్దున పసిపిల్లలు పరిగెడతారయ్యా ఇక్కడ" అనేవారు. ఒంట్లో శక్తి అయిపోయి, ఆకలేసి, ఇంటికి పోదామనుకునే వేళ ఆ లెక్క మా అందరికీ చిరాకు. మేకు గడ్డిలో నిలువుగా ఉండిపోతే ఏమవుతుందో ఊహించుకునే ఓపిక ఆయనకొక్కడికే ఉండేది.

ఇప్పుడు నా సంగతి. నేను చదివింది ఇన్‌స్ట్రుమెంటేషన్. చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఆటలో ఆఫ్ స్పిన్నర్ని, అదీ పదకొండో మనిషి దొరక్కపోతే. మ్యాట్ బిగించడమంటే అందరికీ బద్ధకం కాబట్టి ఒక వైపు మేకులు నేను కొడతానన్నాను. అలా ప్రతి వారం ఉత్తరం వైపు చివర నాది అయింది.

మే నెలలో ఒకసారి అక్కడ ఒక మేకు కొట్టడం మర్చిపోయాను. నిజంగానే మర్చిపోయాను, ఇది మాత్రం నమ్మండి. ఆ రోజు నా బంతి తిరిగింది. మామూలుగా నా బంతి తిరగదు, తిరిగినట్టు నేను అనుకుంటాను, అంతే. ఆ రోజు మ్యాట్‌ని కరుచుకుని, ఒక్క క్షణం ఆగి, పక్కకి తిరిగింది. రెండు వికెట్లు. సాయంత్రం మేకులు పీకుతుంటే ఖాళీ రింగు కనిపించింది. నా వికెట్లకు కారణం నా వేళ్లు కాదు, ఆ రింగు.

అప్పుడు నాకు కలిగింది ఆశ కాదు, కుతూహలం. బిగువు తగ్గితే బంతి ఎంత తిరుగుతుంది? ఒక మేకు తీస్తే ఇంత, రెండు తీస్తే ఎంత? పక్కపక్క రింగులైతే ఎలా ఉంటుంది, దూరం రింగులైతే ఎలా? కాలేజీ ల్యాబ్‌లో మాకు నేర్పిన సూత్రం ఒకటుంది: ఒకసారికి ఒక్కటే మార్చాలి. నేను ఆ సూత్రాన్ని ఎంత శ్రద్ధగా పాటించానో చెప్పుకుంటే మీకు నా మీద మంచి అభిప్రాయం కలిగే ప్రమాదం ఉంది. వారానికి ఒక మార్పు. అంచుల్లో గడ్డి పెరిగి ఉండేది, వంగి చూస్తే తప్ప రింగులో మేకు ఉందో లేదో కనిపించదు. కొట్టని మేకు నా కిట్ బ్యాగులో వేసుకునేవాణ్ని. సాయంత్రం లెక్కకు ముందు చప్పుడు కాకుండా బకెట్‌లో వేసేసేవాణ్ని. ముప్పై ఆరు. లెక్క ఎప్పుడూ సరిపోయేది.

మోసం అనుకున్నానా? అనుకోలేదు. రెండు జట్లూ అదే మ్యాట్ మీద ఆడుతున్నాయి కదా అని సమాధానం చెప్పుకున్నాను. కానీ ఎక్కడ వదులుగా ఉందో తెలిసి బంతి వేస్తున్నది నేనొక్కణ్నే. మరి దీన్ని మోసం కాక ఏమంటారు? ఆ ప్రశ్న అప్పుడు నన్ను నేను వేసుకోలేదు. ఎందుకంటే జూలైకల్లా నేను పదకొండో మనిషిని కాదు. మూర్తిగారు నన్ను పిలిచి, "అబ్బాయ్, నీ చెయ్యి ఇప్పుడు తిరుగుతోంది" అన్నారు. ఆ మాటకు నేను పడ్డ సంతోషం ఇప్పటికీ ఒంటి మీద గుర్తుంది. ఆయన తేలిగ్గా మెచ్చుకునే మనిషి కాదు.

ఆ శనివారం మూడు పక్కపక్క రింగులు వదిలేశాను. అది ప్రాక్టీసు మ్యాచ్, మాలో మేమే రెండు జట్లుగా ఆడుతున్నాం. పొద్దున మంచు తడికి మ్యాట్ బిగువుగానే ఉంది. మధ్యాహ్నం ఎండకు ఆరి వదులైంది. బ్యాట్స్‌మెన్ బూట్లకు కొంచెం కొంచెంగా జరిగి, మంచం మీద దుప్పటిలా ఒక చోట మడత లేచింది. నేను లెక్క వేసింది స్పిన్ గురించి. అదే మడత మీద ఫాస్ట్ బంతి పడితే ఏమవుతుందన్నది నా ప్రయోగంలో లేదు. అంత సులువైన సంగతి ఎలా తట్టలేదు? తట్టలేదా, తట్టినా పక్కన పెట్టానా? ఆరేళ్లుగా తరచి చూస్తున్నాను. నిజంగా తట్టలేదు. కానీ తట్టి ఉంటే ఆపేవాణ్నా అంటే, జవాబు చెప్పలేను.

బ్యాటింగ్ హరీష్. బౌలింగ్ శ్రీకాంత్. హరీష్ హెల్మెట్ పెట్టుకోలేదు, మన వాళ్లే కదా అని. బంతి మడత మీద పడి లేచి ఎడమ కంటి కింద తగిలింది. చప్పుడు మిడాన్‌లో ఫీల్డింగ్ చేస్తున్న నా దాకా వినిపించింది. శ్రీకాంత్ అందరికంటే ముందు పరిగెత్తాడు. అందరికంటే ముందు ఏడ్చింది కూడా అతనే.

నేనూ శ్రీకాంతూ హరీష్‌ని కారులో ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. దవడ పై ఎముక విరిగిందన్నారు, కన్ను బతికిందన్నారు. అక్కడ కుర్చీలో కూర్చున్నాక గుర్తొచ్చింది. నా కిట్ బ్యాగు కారు డిక్కీలో ఉంది. అందులో మూడు మేకులున్నాయి.

సాయంత్రం ఆరింటికి అందరికీ మూర్తిగారి మెయిల్ వచ్చింది. శ్రీకాంత్ తన ఫోన్‌లో చదివి నాకు చూపించాడు. ఎప్పట్లా క్లుప్తంగానే ఉంది: "మూడు మేకులు దొరకలేదు. రేపు పిల్లల ఆట ఉంది. వీలైనవాళ్లు పొద్దున్నే వచ్చి వెతకండి."

హరీష్ గురించి ఒక్క ముక్క లేదు. అంతకు ముందే, శ్రీకాంత్ లోపల హరీష్ దగ్గర ఉండగా, ఆయన ఆసుపత్రికి రెండుసార్లు ఫోన్ చేసి నాతో మాట్లాడారు, డాక్టర్ ఏమన్నాడో అక్షరం అక్షరం అడిగారు. ఆ సంగతి నాకు తెలుసు, మిగతావాళ్లకు తెలియదు. శ్రీకాంత్ ఫోన్ వైపు చూసి, "మనిషి మొహం పగిలితే ఈయనకి మేకుల ఫికర్" అన్నాడు. అప్పుడు నేను చెప్పాల్సినవి రెండు: ఆయన ఫోన్ చేశారని, మేకులు నా దగ్గరే ఉన్నాయని. ఒక్కటీ చెప్పలేదు. ఒకటి చెబితే రెండోది బయటపడుతుందని భయపడ్డానా? కానీ వాటికి ఒకదానితో ఒకటి సంబంధం లేదు. మొదటిది చెప్పొచ్చు. చెప్పలేదు.

ఆ మెయిల్‌కి జవాబులు మొదలయ్యాయి. ఎనిమిదేళ్ల చిరాకు ఒక్క రాత్రిలో బయటికొచ్చింది. తాళంచెవి, పార, బాతులు, బ్యాటింగ్ ఆర్డర్, ఓడలో వచ్చిన మ్యాట్. మీటింగ్ పెట్టాలన్నారు.

నేను నిజంగా ఒప్పుకోవాల్సింది ఇప్పుడు వస్తోంది. మేకులు తీయడం కాదు.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి పార్కుకి వెళ్లాను. మూడు మేకులూ తీసుకుని వెళ్లాను. గడ్డిలో ఎక్కడో పడేస్తే దొరుకుతాయి, కథ ముగుస్తుంది అనుకున్నాను. కారు ఆపేసరికి మూర్తిగారు అప్పటికే ఉన్నారు. వాళ్లావిడ కూడా ఉన్నారు, చీర మీద స్వెటర్, కాళ్లకు స్పోర్ట్స్ బూట్లు. ఇంకెవరూ రాలేదు. ఆయన పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతానికి తాడు కట్టి గడ్డిలో ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. ఆవిడ గొడుగు మొనతో గడ్డి విడదీసి చూస్తున్నారు. నేలను పట్టీలు పట్టీలుగా విడగొట్టుకుని, ఒక పట్టీ అయ్యాక పక్క పట్టీ, నాగలి పట్టినట్టు. సరైన పద్ధతే. నేనైనా అలాగే చేసేవాణ్ని.

కారు తలుపు తీసి నాలుగడుగులు వేస్తే సరిపోయేది. నేను తీయలేదు. కూర్చుని చూశాను. భయంతో కాదు, వాళ్లు నా వైపు చూడనేలేదు. మరెందుకు? ఎన్నిసార్లు అడిగినా ఒకే జవాబు వస్తోంది, అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఆయన ఎంతసేపు వెతుకుతారో చూడాలనిపించింది. అంతే. మే నెలలో ఖాళీ రింగును చూసినప్పుడు కలిగిన కుతూహలమే, అచ్చంగా అదే. అక్కడ మ్యాట్, ఇక్కడ మనిషి.

తొమ్మిదింటికి సాకర్ కోచ్ వచ్చింది. మూర్తిగారు ఆమెతో చేతులు జోడించినంత పని చేస్తూ మాట్లాడారు. పిల్లల ఆటను అవతలి చివరికి మార్చారు. పిల్లలు ఆడుకుంటున్నంతసేపూ ఆయన అయస్కాంతం ఈడుస్తూనే ఉన్నారు. ఆవిడ ఒకసారి కూర్చుని మోకాళ్లు పట్టుకుని మళ్లీ లేచారు. పిల్లల ఆట అయిపోయేదాకా నేనూ కదల్లేదు. తర్వాత ఇంటికెళ్లి హరీష్‌కి జావ కాచాను. నెల రోజులు అతనికి అన్నీ చేశాను, డాక్టర్ దగ్గరికి తిప్పాను. వాళ్ల అమ్మ ఫోన్‌లో "నువ్వు నా రెండో కొడుకువి నాయనా" అంది. నేను అవునన్నాను.

మీటింగ్ ఆష్‌బర్న్‌లో మా అపార్ట్‌మెంట్ వాళ్ల హాల్లో జరిగింది. అందరూ వచ్చారు. హరీష్ కూడా వచ్చాడు, సగం మొహం ఊదా రంగులో. శ్రీకాంత్ మాట్లాడాడు. తన చేతిలోంచి వెళ్లిన బంతి అది. తప్పు మ్యాట్‌ది కావడం అతనికి ఎంత అవసరమో ఆ గొంతు వింటే తెలిసేది.

"సార్, అది మ్యాటా, గోనెసంచా? మేం చెప్తనే ఉన్నం. మీరు ఇన్నరా?"

మూర్తిగారు ఎవరితోనూ వాదించలేదు. నా వైపు తిరిగారు. "అబ్బాయ్, ప్రతి వారం ఆ వైపు కొట్టేది నువ్వే కదా. నువ్వు చెప్పు. మ్యాట్ బాగానే బిగిసేదా?"

"ఇంజనీర్‌వి, కరెక్టుగ చెప్పు" అన్నాడు శ్రీకాంత్.

"రింగులు వదులైపోయాయి సార్" అన్నాను. "మేకు నిలవట్లేదు. పాతదైపోయింది."

"అలాగా. మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెబితే మీరు వింటారా సార్?"

హాలంతా ఒక్కసారి నవ్వింది. అందరూ ఎనిమిదేళ్లుగా అనాలనుకున్న మాట నేను అన్నాను. నా జీవితంలో ఒక గదిని అలా నవ్వించింది ఆ ఒక్కసారే. మూర్తిగారు కూడా కొంచెం నవ్వారు, నవ్వు అందరితో కలిసి ఉండాలన్నట్టు. జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. "జాగ్రత్తయ్యా, పెట్టె మూత వేళ్ల మీద పడుతుంది" అని చెప్పి వెళ్లిపోయారు. మళ్లీ గ్రౌండ్‌కి రాలేదు.

ఆయన నన్ను అడిగింది సాయమా, లేక ఒప్పుకోమని నాకిచ్చిన అవకాశమా? ఇది నన్ను వదలని ప్రశ్న. హరీష్‌కి దెబ్బ తగిలిన సాయంత్రం మ్యాట్ చుట్టింది ఆయనే. మూడు రింగులు ఖాళీగా ఉన్నాయని, అవి ఏ వైపువో, ఆ వైపు ఎవరిదో ఆయనకు కనిపించకుండా ఉంటుందా? కనిపిస్తే ఆదివారం అంతసేపు గడ్డిలో ఎందుకు వెతికారు? బహుశా అనుమానం కంటే పిల్లల కాళ్లు ముందు అనుకున్నారు. బహుశా ఏమీ గమనించలేదు. "నువ్వే కదా" అన్నప్పుడు ఆయన గొంతు గుర్తు తెచ్చుకుంటాను. ఒకరోజు నమ్మకంలా వినిపిస్తుంది. ఒకరోజు వేరేలా.

కొత్త కమిటీ పచ్చ కార్పెట్ వేయించింది. తాళంచెవులు ఐదు చేయించారు. కార్పెట్ మీద నా బంతి తిరగలేదు, నేను మళ్లీ పదకొండో మనిషినయ్యాను. హరీష్‌కి ఎడమ చెంప మీద ఇప్పటికీ స్పర్శ సరిగా తెలియదు. గడ్డం గీసుకునేటప్పుడు తెగినా తెలియదంటాడు. బ్యాట్ మళ్లీ పట్టలేదు. అతనికి నేను చెప్పలేదు.

మూర్తిగారిని తర్వాత ఒకసారి మన సరుకుల కొట్లో చూశాను. దోసకాయలు ఏరుకుంటున్నారు. నన్ను చూసి, "హరీష్ ఎలా ఉన్నాడు?" అని అడిగారు. బాగున్నాడన్నాను. ఇంకేదో అంటారేమోనని చూశాను. ఒక దోసకాయ వాసన చూసి సంచిలో వేసుకున్నారు.

ఇప్పుడు నేను వేరే రాష్ట్రంలో, కాపెల్ అనే ఊళ్లో ఉంటున్నాను. ఇక్కడా ఒక క్లబ్ ఉంది. ఇక్కడి మెంబర్లకూ కమిటీ మీద విసుగొచ్చి, పోయిన నెల నన్ను సెక్రెటరీని చేశారు. పద్ధతి తెలిసినవాడినట. సామాను గది తాళంచెవి ఇచ్చారు. మొన్న నేను కాస్త ఆలస్యంగా వెళ్తే, నా వెనక ఎవరో ఆ తాళంచెవి మీద జోకు వేశారు. శ్రీకాంత్ వేసినంత బాగా లేదు. కానీ అందరూ నవ్వారు. ఆ నవ్వు ముందు నిలబడితే ఎలా ఉంటుందో నాకు మొదటిసారి తెలిసింది.

పేరు రాయలేదు కాబట్టి ఇది సగం ఒప్పుకోలే. ఆయన నంబర్ నా దగ్గర ఉంది, మారలేదని విన్నాను. ఇది చదివి ఫోన్ చేయమంటారని తెలుసు. చేస్తానని రాయను, ఎందుకంటే ఆరేళ్లలో నేను చేస్తానని అనుకోని ఆదివారం లేదు. క్షమాపణ అక్కర్లేదని రాయబోయి కొట్టేశాను. కావాలి. ఇవ్వగలిగినవాళ్లను అడగలేదు, అంతే. అయినా ఇంతవరకు రాశాక ఊపిరి కొంచెం లోతుగా అందుతోంది. ఎందుకో తెలియదు. ఏమీ మారలేదు, ఒక వాక్యం బయట పడింది తప్ప. ఆ రోజు హాల్లో చెప్పాల్సింది ఆ వాక్యమే.

మ్యాట్ బాగానే ఉంది సార్.

ఇక్కడి పిచ్ సిమెంటు మీద అతికించిన కార్పెట్. మేకులతో పని లేదు. కిట్ బ్యాగు అడుగున ఉన్నవాటిని ఇవాళ తీసి బల్ల మీద పెట్టాను. తల దగ్గర తుప్పు పట్టాయి. మూడు.